నిదానపు సూదికి సంత రోజు సెలవు

సుధామణి మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంది. అది అలంకారానికే. ఎర్రబోరు సంతలో, దోర్నపాల్ సంతలో ఇరవయ్యేళ్ళు టార్పాలిన్ కింద కాలి మిషను పెట్టుకొని జాకెట్లు కుట్టిన మనిషి ఆమె. నలుగురి ముందూ ఒంటి చుట్టూ టేపు తిప్పించుకోవాలంటే పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళకు సిగ్గు. అందుకని గుడ్డ తెచ్చిన మనిషిని "ఉప్పు దుకాణం దాకా పోయి రాపో" అనేది. ఆమె పోయేటప్పుడు వీపు, వచ్చేటప్పుడు ముందువైపు చూసుకొని కత్తెర ఆడించేది. సంత ముగిసేలోపల జాకెట్టు తయారు.

"ఒక్కసారే తప్పింది" అంటుంది సుధామణి. "రెండంగుళాలు లూజొచ్చింది. తీరా చూస్తే ఆమె కొంగు కింద కోడిపెట్టను పెట్టుకొని నడిచింది. అమ్మనీకి తెచ్చిందట. నాకేం తెలుసు, ఆమే అంత ఉంటదనుకున్న."

భర్త చెన్నకేశవులుది బస్తర్‌లోని కుంట అనే ఊళ్ళో బట్టల వ్యాపారం. తాత కాలంలో భద్రాచలం వైపు నుంచి శబరి నది దాటి వచ్చిన కుటుంబం. దుకాణం పేరుకు కుంటలో ఉన్నా ఆయన మాత్రం చిన్న వ్యానులో చీరల మూటలు వేసుకొని సంత నుంచి సంతకు తిరుగుతాడు. ఆ ఇంట్లో వారాలను సంతల పేర్లతోనే పిలుస్తారు. "దోర్నపాల్ నాడు జ్వరమొచ్చింది, ఎర్రబోరు నాటికి తగ్గింది" అని ఆయన చెబితే డాక్టరు క్యాలెండరు వంక చూసి, ఏమీ అర్థంకాక, మందు రాసిచ్చేవాడట.

తరువాత సంతల్లోకి రెడీమేడ్ జాకెట్లు దిగాయి. వాటిని తెచ్చి అమ్మింది కూడా చెన్నకేశవులే.

"నా మొగుడే నా పొట్ట కొట్టిండు."

"నేను తేకుంటే ఇంకొకడు తెస్తడు. నేను తెస్తే లాభమన్న ఇంట్ల ఉంటది" అన్నాడాయన, వ్యాను తుడుస్తూ.

సుధామణి మోకాళ్ళు కూడా కాలి మిషను చాలించమంటున్నాయి. సరిగ్గా అప్పుడే, రెండేళ్ళ కిందట, హైవే పక్కన రేకుల షెడ్డు లేచింది. ముంబై కంపెనీ. బోర్డు మీద హిందీలో "ధీమీ సూయీ" అని రాశారు. నిదానపు సూది అన్నమాట. లోపల ఇరవై నాలుగు కరెంటు మిషన్లు. వాటి సూదులు నిమిషానికి ఎన్నిసార్లు దిగుతాయో కంటికి ఆనదు. ఆ షెడ్డులో నిదానంగా తిరిగేవి ఫ్యాన్లు మాత్రమే.

హిందీ, తెలుగు, దోర్లీ, హల్బీ నాలుగూ వచ్చు కాబట్టి సుధామణిని లైన్ ఇన్‌చార్జిని చేశారు. ఆమె సంతలో ఒక్కతే జాకెట్టంతా కుట్టేది. ఇక్కడ ఒకరు చెయ్యి కుడితే ఒకరు మెడ, ఇంకొకరు పక్క కుట్టు. సాయంత్రానికి ఎవరూ కుర్తా కుట్టినట్టు ఉండదు, కుర్తాలు మాత్రం గుట్టపడి ఉంటాయి. బాత్రూమ్‌కు పోవాలంటే మేకుకు తగిలించిన ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ మెళ్ళో వేసుకొని పోవాలి. ఇరవై నలుగురికీ ఒకటే బిళ్ళ. ఆ బిళ్ళ కోసం చూసే చూపులను బట్టి, ఇంట్లో ఎవరు పొద్దున్నే ఎక్కువ గంజి తాగి వచ్చారో సుధామణి చెప్పగలదు.

మేనేజరు వికాస్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. కిరండూల్ గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన ఆంధ్రా వాళ్ళ అబ్బాయి. మర్యాదస్తుడు. తిట్టాలన్నా "అండీ" తగిలించి తిడతాడు. "ఇలా అయితే ఎలాగండీ, గంటకి యాభై అన్నాం కదండీ" అని ఆయన అంటే, కోప్పడుతున్నాడో బతిమాలుతున్నాడో తెలియక మొదట్లో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

షెడ్డుకు ఆదివారం సెలవు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఈ తట్టు పల్లెల్లో ఆదివారానికి ఏ విలువా లేదు. ఆ రోజు ఎవరూ ఎక్కడికీ రారు. మనుషులు కలిసేది సంతలో. చింతపండు అమ్మి ఉప్పు కొనుక్కునేదీ, పిల్ల సంబంధం మాట్లాడుకునేదీ, చుట్టాల చావుకబురు తెలిసేదీ అక్కడే. ఎర్రబోరు సంత నాడు షెడ్డులో ఇరవై నాలుగు మిషన్ల మీద ఇరవై నాలుగు దిగులు మొహాలు కూర్చునేవి.

అందరిలోకీ ఎక్కువ దిగులు హుంగేది. పాతికేళ్ళ పిల్ల. కాలర్లు కుడుతుంది. పెళ్ళయి కుంటలో ఉంటోంది. ఆమె తల్లి జోగి ఊరు ఎర్రబోరు నుంచి అడవి లోపలికి పూట నడక. ఆదివారం పొద్దున బయలుదేరితే ఊరు చేరేసరికి పొద్దు వాలుతుంది, సోమవారం పనికి అందుకోలేదు. తల్లి మాత్రం ప్రతి సంతకూ ఎర్రబోరు నడిచి వస్తుంది. బస్సెక్కితే అరగంటలో హుంగే అక్కడ ఉండగలదు. కానీ ఆ రోజు షెడ్డుంది. వానలు వెనకబట్టాక పనిలో చేరిన పిల్ల, మార్చి వచ్చినా తల్లి మొహం చూడలేదు.

మధ్యలో కబుర్లు మోసేది చెన్నకేశవులు. సంతలో జోగి ఆయన బట్టల కుప్ప దగ్గరికి వచ్చి, "నా బిడ్డ ఎట్లుంది?" అని అడిగేది.

"బాగుంది."

"సన్నబడ్డదా?"

"లేదు, కొంచెం లావైంది."

ఆ కబురే ఐదు సంతలు నడిచింది. లావెందుకైందో చెన్నకేశవులుకు తెలియదు. సుధామణికి తెలుసు. బాత్రూమ్ బిళ్ళ వేసుకొని హుంగే నడిచి వెళ్తుంటే, ఉప్పు దుకాణం దాకా నడిపించి చూసిన కన్ను కదా, వీపు చూసి పోల్చేసింది. భోజనాల వేళ పక్కకు పిలిచి, "ఎన్నో నెల?" అని అడిగింది.

హుంగే తల దించుకొని నాలుగు వేళ్ళు చూపింది. "అమ్మకు చెప్పాలె మాస్టరమ్మా. బట్టలాయనతోటి చెప్పి పంపుతనా ఏంది?"

నిజమే. ఆ కబురు చీరల మూటల మీద పోయేది కాదు. తల్లి కళ్ళతో చూడవలసింది. సంత రోజు సెలవు కావాలని సుధామణి రెండుసార్లు వికాస్‌ను అడిగింది. "పైవాళ్ళు ఒప్పుకోరండీ" అన్నాడు రెండుసార్లూ. ఇంకో నెల గడిచింది. హుంగే ఐదో వేలు కూడా తెరిచింది.

అప్పుడు ట్యాగులు వచ్చాయి.

అంతకుముందు కుర్తాలకు ట్యాగులు రాయపూర్‌లో తగిలించేవాళ్ళు. ఈసారి మూడు అట్టపెట్టెలు నేరుగా షెడ్డుకు పంపి, ఇక్కడే కట్టి పంపమన్నారు. ఒక్కొక్క ట్యాగూ అరచెయ్యంత. గరుకు కాగితం మీద ఒక ఫొటో. పెట్టె తెరవగానే నవ్వులు లేచాయి. ఫొటోలో ఉన్నది ముయె. చెట్టు కింద కూర్చొని గుడ్డా సూదీ పట్టుకొని ఉంది.

ముయె షెడ్డు ఊడ్చే పెద్దామె. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. కిందటేడు ఫొటోలు తీసేవాళ్ళు వచ్చి, మిషన్ల ముందు కూర్చున్న ఇరవై నలుగురినీ చూసి, తలాడించి, బయట చీపురుతో నిలబడ్డ ముయెను తీసుకుపోయి చెట్టు కింద కూర్చోబెట్టారు.

"నాకు చెప్పలేదు ఇంతదూరం పోతదని" అంది ముయె, తన మొహాన్ని తానే తిప్పి తిప్పి చూసుకుంటూ.

"సూదిని తలకిందులు పట్టినవ్ పెద్దమ్మా."

"పట్టుమన్నరు, పట్టిన. ఎటువైపు అని చెప్పిన్రా?"

ట్యాగు వెనక హిందీలో రాసి ఉంది. కుంట బడిలో ఎనిమిది దాకా హిందీలో చదివిన సుధామణి అన్నాలు తినేటప్పుడు దాన్ని అందరికీ తెలుగు, దోర్లీ కలిపి చదివి వినిపించింది. ఈ కుర్తాను బస్తర్ అడవి నీడలో ముయె తన చేతులతో కుట్టింది. ఇక్కడ గడియారం లేదు. ఆమె అలసినప్పుడు ఆగుతుంది, మనసైనప్పుడు కుడుతుంది. సంత రోజున మా సూదులు విశ్రాంతి తీసుకుంటాయి, ఎందుకంటే సంతే ఆమెకు పండుగ. చివర, ఈ కాగితంలో విత్తనాలు ఉన్నాయి, పాతితే మొలుస్తాయి అని.

గడియారం లేదన్న చోట అందరూ గోడ మీది గడియారం వంక చూశారు. భోజనాల వేళ ముగియడానికి ఇంకా పదకొండు నిమిషాలుంది. ముయె విత్తనాల మాట నమ్మి ఒక ట్యాగు పట్టుకుపోయి షెడ్డు వెనక తన మొహం మీద తానే మట్టి కప్పి, నీళ్ళు పోసి వచ్చింది.

హుంగే మాత్రం నవ్వలేదు. "సంత మాట మళ్ళా చదువు మాస్టరమ్మా" అంది.

సుధామణి మళ్ళీ చదివింది.

"ముద్ర ఉన్నదా?"

ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఇక్కడి మనుషుల బతుకు తెలియాలి. భూమి పట్టాకైనా, రేషన్ కార్డుకైనా, అడవిలో కట్టె కొట్టుకోవడానికైనా ఎవరో ఒకరు ఎదురుపడి "కాగజ్ దిఖావో" అంటారు. కాగితం చూపినా చాలదు, ముద్ర ఎక్కడ అంటారు. చుట్టూ అక్షరాలు, మధ్యలో బొమ్మ, గుండ్రంగా. అది ఉంటే ఎదుటివాడు పక్కకు తప్పుకుంటాడు, లేకపోతే తప్పుకోడు. జీవితమంతా తమ దగ్గర లేని ఆ గుండ్రటి ముద్ర ట్యాగు అడుగున ఆకుపచ్చగా ఉంది. మధ్యలో ఆకు, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు.

ట్యాగు చేతులు మారింది. ఇరవై నలుగురూ ముద్రను వేలితో తడిమారు.

"ఉన్నది" అంది సుధామణి.

"ఇది ఆర్డరే" అంది హుంగే.

అది కొనేవాళ్ళను మురిపించే రాత అని సుధామణికి తెలియదా? బట్టల వ్యాపారి భార్య. రంగు పోదు అని రాసిన చీర రంగు మొదటి ఉతుకులోనే పోవడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు? ఆ సంగతి చెప్పకుండా ఎందుకు ఊరుకున్నావంటే, ఆమె తడుముకోకుండా అంటుంది: "నేను అబద్ధమాడలే. ముద్ర ఉన్నదా అన్నరు, ఉన్నదన్న. ఆర్డరా కాదా అని నన్నెవ్వరడిగిన్రు? వాళ్ళకు వాళ్ళే అనుకున్నరు."

ఎర్రబోరు సంత రోజు వచ్చింది. పొద్దున్నే సుధామణి ఎప్పటిలాగే షెడ్డు తలుపు తీసి, ఫ్యాన్లు వేసి కూర్చుంది. ఎనిమిదిన్నరకు వికాస్ వచ్చి, ఖాళీ మిషన్లు చూసి, గొంతు తగ్గించి, "ఎవరన్నా పోయారాండీ?" అన్నాడు. చావు జరిగితే తప్ప అందరూ ఒకేసారి మానడం ఆయన చూడలేదు.

"ఎవ్వరు పోలే సారూ. సంతకు పోయిన్రు."

"ఎవరు వెళ్ళమన్నారు?"

"కంపెనీ."

ఆమె ట్యాగు అందించింది. మూడు పెట్టెలు సంతకం పెట్టి దించుకున్నవాడు, అప్పుడే మొదటిసారి చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"ఇది కొనేవాళ్ళ కోసం రాసిందండీ."

"మా గురించే రాసిన్రు గదా."

"గురించి రాస్తారండీ. అది ఒక... భావన."

"భావన అంటే ఏంది సారూ? సెలవా, కాదా?"

వికాస్ మోటారుసైకిల్ తాళం తీశాడు. మూడు వందల కుర్తాలు ఎల్లుండి లారీ ఎక్కాలి. వాళ్ళను పిలుచుకు రావాలి, పిలవడానికి భాష తెలిసిన సుధామణి వెనక కూర్చోవాలి. దారి పొడవునా ఆయన "ఇది పద్ధతి కాదండీ" అంటూనే ఉన్నాడు. గాలికి ఆమెకు సగమే వినపడింది.

సంతలో మనుషులను వెతికి పోగుచేయడం ఎంత కష్టమో వికాస్‌కు తెలియదు. చింతపండు బుట్టల దగ్గర ఇద్దరు దొరికారు. మేనేజరును చూసి దాక్కోకపోగా ఎదురొచ్చి, "సారు గూడ వచ్చిండు" అని సంబరపడి, చేతిలో చింతపండు ముద్ద పెట్టారు. గాజుల దగ్గర దొరికిన ముగ్గురు వేయించిన శనగలు పెట్టారు. ఎండుచేపల దగ్గర ముయె దొరికి, దొప్పలో నాలుగు ఎండుచేపలు చేతికిచ్చి, "మీ అమ్మకు పంపు" అంది. ఆదేశించడానికి వచ్చినవాడి రెండు చేతులూ నిండిపోయాయి. చేతులు నిండిన మనిషి గట్టిగా మాట్లాడలేడని సుధామణి గమనించింది.

హుంగే బట్టల కుప్పల అవతల, తల్లి ఎదురుగా నిలబడి ఉంది. జోగి ఇంకా నెత్తి మీది గంప దించలేదు. కూతుర్ని పైనుంచి కిందికి చూసి, "తిరుగు" అంది. హుంగే తిరిగింది.

"ఎన్ని నెలలు?"

"ఐదు."

జోగి అప్పుడు గంప దించింది. కూతురి కడుపు మీద చెయ్యి వేసింది. తరువాత చెన్నకేశవులు వైపు తిరిగింది. "ప్రతి సంతకు లావైంది లావైంది అంటవు. నోరు లేదా నీకు?"

"నేను చెప్పింది నిజమే గదా" అన్నాడాయన, చీర మడత పెడుతూ.

హుంగే వికాస్‌ను చూసింది. మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. తల్లి చెవిలో ఏదో చెప్పింది. జోగి వచ్చి ఆయన చేతిలోని చింతపండూ శనగలూ తీసి పక్కన పెట్టి, ఆ చేతిలో తాటికల్లు దొప్ప పెట్టింది.

"సంతకు సెలవిచ్చిన సారువు నువ్వేనట. తాగు బిడ్డా. నువ్వు చల్లగుండాలె."

సుధామణి ఆ మాట తెలుగు చేసి చెప్పింది. అక్షరం తగ్గించలేదు. పెంచనూ లేదు. వికాస్ ఏదో అనబోయాడు. అంతలో జేబులో ఫోను మోగింది. ఒక చేతిలో ఎండుచేపలు, ఒక చేతిలో కల్లు. సుధామణే ఫోను తీసి ఆయన చెవి దగ్గర పట్టుకుంది. ముంబై మేడమ్. లైన్ నడుస్తోందా అని హిందీలో అడుగుతున్న గొంతు ఆమెకూ వినపడుతోంది.

వికాస్ జోగి వంక చూశాడు. జోగి ఆయన తాగడం కోసం ఎదురుచూస్తోంది.

"లేదు మేడమ్. ఈ రోజు సంత. సూదులు విశ్రాంతి తీసుకుంటున్నాయి."

అవతలి నుంచి, "ఆ గోల ఏమిటి?" అని ప్రశ్న.

"కోడిపందెం, మేడమ్."

"ఎవరి అనుమతితో ఆపారు?"

"ట్యాగులో ఉంది మేడమ్. కుర్తాకొకటి కట్టి పంపుతున్నాం. కొన్నవాళ్ళంతా చదువుతారు."

ఫోను పెట్టేశాక ఆయన దొప్ప ఎత్తి తాగాడు. మొహం వికారంగా పెట్టాడు. జోగికి సంతోషమైంది.

మరునాడు షెడ్డులో పంచాయితీ. సెలవు లేని నాడు మానినందుకు జీతం కోసి, వచ్చే సంత నుంచి ఎప్పటిలాగే నడపమని మేడమ్ హుకుం. సుధామణి నిలబడి, "సంత వదలండి, ఆదివారం వస్తం. కుర్తా ఒక్కటి తగ్గది" అంది. ఇరవై నలుగురూ తలూపారు.

వికాస్ ఇబ్బందిగా కదిలాడు. "ఆదివారం నాకు కుదరదండీ. శనివారం సాయంత్రం బస్సెక్కి కిరండూల్ పోతాను కదా. మా అమ్మ ఎదురుచూస్తుంటుంది."

హుంగే కాలరు కుడుతున్న చెయ్యి ఆపి, "వారం వారం చూస్తరా సారూ, మీ అమ్మను?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగింది.

"చూస్తాను" అన్నాడు.

ఆమె మళ్ళీ పనిలో పడింది. ఆ మధ్యాహ్నమే వికాస్ ముంబైకి ఉత్తరం రాశాడు. తొమ్మిది రోజుల తరువాత జవాబు వచ్చింది. ఆదివారం పని, ఎర్రబోరు సంత నాడు సెలవు, ఒప్పుకున్నాం. ఈసారి ఫొటోలు సంతలోనే తీస్తాం, ట్యాగులో వేస్తాం. ఒక రోజు పని ఆగినందుకు బాధ్యులెవరో ఒకరుండాలి కాబట్టి లైన్ ఇన్‌చార్జిని మార్చండి. గడియారం గురించీ, బాత్రూమ్ బిళ్ళ గురించీ, చెట్టు నీడ గురించీ ఏమీ లేదు.

ఆ కాగితం సుధామణికి చదివి వినిపించడానికి వికాస్ చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. ఆమె విని, మెళ్ళో ఇన్‌చార్జి కార్డు తీసి బల్ల మీద పెట్టి, కొత్త ఇన్‌చార్జి లేవగా ఖాళీ అయిన పక్క కుట్టు మిషను ముందు కూర్చుంది. "నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతున్నయి, మంచిదే" అంది. ఆ రోజంతా ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదని హుంగే చెబుతుంది. సుధామణి మాత్రం అది ఒప్పుకోదు.

తరువాతి సంత నాటి మధ్యాహ్నం సుధామణి ఇంట్లో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, నేను కిరండూల్ నించి సుశీలమ్మనండీ, వికాస్ వాళ్ళమ్మని. మీ నంబరు వాడి ఫోన్లోంచి తీశాను. వాడికి తెలీదు. పడుకున్నాడు."

"చెప్పండమ్మా."

"వారం మధ్యలో ఊడిపడ్డాడండీ. ఏంట్రా అంటే, సంతకి సెలవు అంటాడు. సంతకి సెలవిచ్చే కంపెనీ ఎక్కడన్నా ఉందాండీ? నాకు భయంగా ఉంది. నిజం చెప్పండి, వాడి ఉద్యోగం ఉందా?"

"ఉందమ్మా, గట్టిగనే ఉంది" అంది సుధామణి. "పోయింది నా ఇన్‌చార్జి ముక్కొక్కటే. మీరు నిమ్మళంగ ఉండున్రి."

అవతల సుశీలమ్మ ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. తరువాత, కొంచెం సిగ్గుగా, వీడి చేతికిచ్చి ఎవరో ఎండుచేపలు పంపారు, ఎలా వండాలో తెలియడం లేదు అని అడిగింది.

"ఫోను పెట్టకున్రి" అంది సుధామణి. "ముందు వేడినీళ్ళల్ల రెండుసార్లు కడగాలె."